రాయబారానికి పిల్లల్ని పంపకండి

నూరు రూపాయల స్టాంపు కాగితం. పైన తేదీ, కింద నలుగురు పెద్దమనుషుల సంతకాలు, మధ్యలో జాబితా. బీరువా, డబుల్‌కాట్ మంచం, ఫ్రిజ్, మిక్సీ, పెళ్ళిలో పెట్టిన బంగారం ఇన్ని సవర్లు, స్కూటరు. ఆ వరసలోనే, స్కూటరు కిందనే, పిల్లవాడు. మైనరు బాలుడు ఫలానా వారి దగ్గర ఉండేటట్టు ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయని ఒక్క ముక్క. పల్నాటి పల్లెల్లో పంచాయితీ చేసి రాసిన ఇలాంటి కాగితాలు నేను చదివాను. చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండింది. బంగారం తూకం వేయించిన మనుషులు పిల్లాడు ఎన్నో తరగతి చదువుతున్నాడని అడగలేదు. డిసెంబరులో ఊరు మారిస్తే వాడి చదువు ఏమైపోతుందని అడగలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని "నువ్వేమంటావు నాయనా" అని ఒక్కరూ అడగలేదు. కాగితం మీద వాడి సంతకం అక్కర్లేదు గనక వాడి మాటా అక్కర్లేదనుకున్నారు.

మొగుడూ పెళ్ళాలు విడిపోవడం నేరమని నేననను. కలిసి బతకలేని ఇద్దరు మర్యాదగా ఎవరి దారి వారు చూసుకుంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. బిడ్డను సామాను జాబితాలో రాయడం మాత్రం దుర్మార్గం. అందులో పెద్దమనుషులకు వాటా ఉంది, లాయర్లకు ఉంది, అమ్మమ్మలకూ నాయనమ్మలకూ ఉంది, వాయిదా మీద వాయిదా వేసే కోర్టులకూ ఉంది. చూస్తూ ఊరుకున్న మనమూ తప్పించుకోలేం.

ఇల్లు చీలితే నడుమ ఉన్నవాళ్ళే బలవుతారని పల్నాడుకు ఒకరు కొత్తగా చెప్పాలా? 12వ శతాబ్దంలో ఒకే తండ్రి బిడ్డలు, నలగామరాజు గురజాలలో, మలిదేవుడు మాచర్లలో వేరుపడ్డారు. పంతాలు కోడిపందెం దాకా పోయాయి. ఓడిన మాచర్లవారు ఏడేళ్ళు ఊరు విడిచారు. గడువు తీరాక తమ భాగం తమకిమ్మని అడగడానికి అలరాజును రాయబారిగా పంపారు. అతను గురజాల రాజుకు అల్లుడు, మాచర్లవారికి కావలసినవాడు. రెండు వైపులా బంధం ఉంది గనకనే అతన్ని ఎంచుకున్నారు. ఆ బంధం అతన్ని కాపాడలేదు, విషం పెట్టి చంపారు. ఆ తర్వాత కారెంపూడిలో యుద్ధం, నూనూగు మీసాల బాలచంద్రుడితో సహా ఎందరో బూడిద. ఇప్పటికీ ఏటా కార్తీకంలో కారెంపూడిలో అయిదు రోజులు వీరుల ఉత్సవం చేస్తాం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. రెండో రోజుకు పేరే రాయబారం. అలరాజు కథ విని కళ్ళొత్తుకున్న జనమే ఇంటికొచ్చి ఎనిమిదేళ్ళ పిల్లను రాయబారానికి పంపుతున్నారు.

"ఫీజు కట్టమని మీ నాన్నకు చెప్పు." "మీ అమ్మ ఫోన్లో ఎవరితో మాట్లాడుతుందో చూసి రా." "మీ నాయనమ్మ నా గొలుసు ఎక్కడ దాచిందో కనుక్కో." పోయి వచ్చాక మళ్ళీ విచారణ. ఏం పెట్టారు, ఏం కొనిచ్చారు, నా గురించి ఏమన్నారు? బిడ్డకు వారం తిరక్కుండానే తెలిసిపోతుంది, అక్కడ బాగుందంటే ఇక్కడ ఏడుస్తారని. ఇక్కడ బాగుందంటే అక్కడ ముఖం మాడ్చుకుంటారని. అందుకని రెండు చోట్లా అబద్ధం ఆడుతుంది. అమ్మానాన్నల మనసులు నొప్పించకుండా ఉండటానికి అబద్ధం ఆడటం నేర్చుకున్న బిడ్డను నేను తప్పుపట్టను. ఆ అవసరం తెచ్చిపెట్టిన పెద్దల్ని క్షమించను కూడా.

చట్టం బిడ్డను సామానుగా చూడలేదు. తెల్లదొరల కాలంలో 1890లో చేసిన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే మనకింకా దిక్కు. ఆ పాత చట్టం కూడా 17వ సెక్షన్‌లో బిడ్డ మేలు చూడమంది. తన ఇష్టం తెలివిగా చెప్పగల వయసుంటే ఆ ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని రాసింది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ మైనరు సంక్షేమాన్ని అన్నిటికంటే పైన పెట్టింది. అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 6వ సెక్షన్ చెప్పింది. పిల్లలు తల్లిదండ్రుల ఆస్తీ కాదు, ఆటవస్తువులూ కాదని సుప్రీంకోర్టు 1973లోనే తేల్చింది. కాబట్టి ఊళ్ళో నలుగురు సంతకాలు పెట్టిన కాగితం బిడ్డ విషయంలో కోర్టు చేతులు కట్టేయలేదు. ఈ సంగతి పెద్దమనుషులకు తెలియకపోవచ్చు. ఆ కాగితం డ్రాఫ్టు చేసిపెట్టే లాయరుకు తెలియదా?

ఐక్యరాజ్యసమితి 1989లో బాలల హక్కుల ఒడంబడిక చేసింది. 1992 డిసెంబరులో మన దేశం అందులో చేరింది. తల్లిదండ్రులు వేరుపడినా, హాని లేనంతవరకు, ఇద్దరితోనూ బంధం నిలుపుకొనే హక్కు బిడ్డదని 9వ అధికరణం. తనకు సంబంధించిన ప్రతి విషయంలో తన మాట చెప్పుకొనే హక్కు, ఆ మాటకు వయసును బట్టి విలువ దక్కే హక్కు 12వ అధికరణం. అదే పత్రంలో 17వ అధికరణం పిల్లల పుస్తకాలు తయారుచేసి వారికి అందేలా ప్రోత్సహించమని ప్రభుత్వాలకు చెప్పింది. బిడ్డ మాటా, బిడ్డ పుస్తకమూ ఒకే పత్రంలో హక్కులుగా ఉన్నాయి. నా వాదనంతా ఈ రెంటి చుట్టూనే.

పిల్లల కేసుల్లో పుస్తకాల గొడవేమిటని విసుక్కునేవాళ్ళు ఓపిక పట్టి వినాలి. జడ్జి బిడ్డను చాంబర్లోకి పిలుస్తారు. "ఎవరి దగ్గర ఉంటావమ్మా?" అని అడుగుతారు. బిడ్డ అప్పజెబుతుంది. రాత్రి నేర్పిన వాక్యం, పెద్దవాళ్ళ వాక్యం, పిల్ల గొంతులో. ఒకరి దగ్గరే పెరుగుతున్న బిడ్డ మనసులో రెండోవారి మీద ద్వేషం నింపడం గురించి 2017లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో వివరంగానే రాసింది. మరి సొంత మాట ఆ బిడ్డకు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇల్లు చీలిపోయిన బిడ్డకు చెవిన పడే ప్రతి మాటా ఎవరో ఒకరి పక్షం. అమ్మ చెప్పేది అమ్మ బాధ. నాన్న చెప్పేది నాన్న బాధ. తాతలూ మామలూ చెప్పేది పరువు సంగతి. ఏ పక్షమూ కట్టని గొంతు ఆ బిడ్డకు కథల పుస్తకంలో దొరుకుతుంది. కథలో ఒక మనిషి తప్పు చేస్తాడు, అయినా బిడ్డను ప్రేమిస్తాడు. ఒక తల్లి కోపంతో రగిలిపోతుంది, అయినా అబద్ధం చెప్పదు. తన ఇంట్లో ఎవరూ వివరించని సంగతులు బిడ్డ ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరి కథలో చూసి అర్థం చేసుకుంటుంది. తన కడుపులో తిప్పుతున్నదానికి భయమనో, దిగులనో, కోపమనో పేరు పెట్టుకోగలుగుతుంది. పేరు పెట్టుకున్నదాన్ని నోరు తెరిచి చెప్పగలుగుతుంది. 1890 చట్టం 17వ సెక్షన్ అడిగే తెలివైన ఇష్టం బిడ్డలో ఊరేది అలాగే.

జపాన్ రచయిత్రి తెత్సుకో కురోయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకం 'రైలుబడి' పేరుతో తెలుగులో ఉంది. అల్లరి ఎక్కువని మొదటి బడి నుంచి పంపించేసిన పిల్లను రెండో బడి హెడ్మాస్టరు మొదటి రోజే ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెప్పాలనుకున్నదంతా చెప్పమని, నాలుగు గంటలు విన్నాడు. నాలుగు గంటలు! పిల్ల చెప్పడానికి ఇంకేమీ మిగలని దాకా. ఆ పుస్తకం చదివిన ప్రతిసారీ మన పంచాయితీల్లో పిల్లలకు దక్కే సమయం గుర్తొచ్చి సిగ్గేస్తుంది. పెద్దవాళ్ళ అరుపులకు తెల్లవార్లూ టైముంటుంది. బిడ్డ వంతు వచ్చేసరికి ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు, లేచి వెళ్ళిపో.

వినుకొండ బిడ్డ, కవి జాషువాను చూడండి. 1895లో పుట్టాడు. తల్లిదండ్రులవి వేర్వేరు కులాలు కావడంతో ఊహ తెలిసినప్పటి నుంచీ అవమానాలు మింగాడు. బడిలోనూ అంటరానితనం వెంటాడింది. అతను చదువును వదల్లేదు. తనకు జరిగిన అన్యాయం పేరు పెట్టి చెప్పే మాటలు ఆ చదువులోంచే తెచ్చుకున్నాడు. 1964లో సాహిత్య అకాడమీ, 1970లో పద్మభూషణ్ వచ్చాయంటే రావచ్చు. నాకు అంతకంటే గొప్పగా కనిపించేది, ఎవరూ పలకరించని పిల్లవాడు లోకాన్ని నిలదీసే గొంతు సంపాదించుకోవడం.

27 దేశాల కుటుంబాల మీద 2010లో వెలువడిన ఒక అధ్యయనం, పుస్తకాలు బాగా ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లలు పుస్తకాల్లేని ఇళ్ళ పిల్లల కంటే సగటున మూడేళ్ళు ఎక్కువ చదువుకున్నారని తేల్చింది. తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం తేడాలు పక్కనపెట్టి చూసినా అదే ఫలితం. ఇక మన సంగతి. పిల్లల చదువుల స్థితి మీద వచ్చిన 2024 అసర్ నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 48.8 శాతమే. ఇల్లు కుదురుగా ఉన్న పిల్లలతో కలిపి లెక్క అది. ఏడాది మధ్యలో రెండు బడులు, రెండు ఊళ్ళు మారిన పిల్ల ఎక్కడుంటుందో ఊహించుకోండి.

ఒక కోర్టు వరండాలో నేను చూసింది చెబుతాను. నాలుగో తరగతో, అయిదో తరగతో, యూనిఫాం వేసుకున్న పాప. బడికి వెళ్ళేదాన్ని అటునుంచటే తీసుకొచ్చారని బ్యాగు చూస్తే తెలుస్తోంది. బెంచీ చివర కూర్చుని తెలుగు వాచకం తెరిచి, వేలు కింద పెట్టి ఒక్కో వరుసా పెదాలతో చదువుకుంటోంది. లాయర్లు తిరుగుతున్నారు, బంట్రోతు పేర్లు పిలుస్తున్నాడు, ఆ పాప తల ఎత్తలేదు. ఇంతలో పక్కనున్న పెద్దావిడ పుస్తకం లాగేసి, మీ నాన్న వస్తున్నాడు, ఏడువు అంది. పాప ఆ పెద్దావిడ ముఖం చూసింది, పుస్తకం చూసింది, ఏడ్చింది. ఆ ఏడుపు దేనికో ఆ వరండాలో ఎవరూ అడగలేదు.

చదువు మీద ఇంకో దెబ్బ ఉంది. దాని గురించి కోర్టుల్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. బిడ్డను తెచ్చుకున్నవాళ్ళ దగ్గర బిడ్డ ఉంటుంది, కాగితాలు మాత్రం అవతలి ఇంట్లో ఉంటాయి. ఆధార్ అక్కడ, పుట్టిన సర్టిఫికెట్ అక్కడ, బడి నుంచి టీసీ తీయనివ్వరు. పగ తీర్చుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. బిడ్డ మాత్రం నెలల తరబడి ఇంట్లో కూర్చుంటుంది, లేదంటే మిరప కల్లంలో కాయలు ఏరుతుంది. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ సూటిగా చెప్పింది. బడి మారే బిడ్డకు హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. వయసు రుజువు లేదని కూడా తిప్పి పంపకూడదని 14వ సెక్షన్. హెడ్మాస్టర్లూ, అమ్మానాన్నల తగాదాలో మేం తలదూర్చం అని చేతులు దులుపుకోకండి. ఆ బిడ్డను చేర్చుకోవడం మీ బాధ్యత. ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్న లెక్కతో బిడ్డను అటూ ఇటూ లాగే బంధువులకు కూడా చెబుతున్నాను, ఆ డబ్బు బిడ్డ చదువుది. మీ పంతానిది కాదు.

పేద ఇళ్ళ తగాదా అనుకుని పెద్ద ఇళ్ళవాళ్ళు ఊరట పడనక్కర్లేదు. మన జిల్లా నుంచి అమెరికా వెళ్ళిన పిల్లలు తక్కువేం లేరు. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఒక తెలుగు దంపతుల కేసు తేల్చింది. పెన్సిల్వేనియాలో కాపురం, అక్కడే పుట్టిన ఇద్దరు పిల్లలు, హైదరాబాదులో కస్టడీ పిటిషన్. పిల్లలు మామూలుగా నివసించే చోటు అమెరికాయే గనక అక్కడి కోర్టే తేల్చాలని, పిల్లల్ని తిరిగి పంపాలని తీర్పు. తీర్పు ఎవరికి అనుకూలమన్నది పక్కన పెట్టండి. ఇలాంటి తగాదాల్లో సెలవులకని విమానం ఎక్కించిన బిడ్డ తన బడికీ, తన స్నేహితులకూ, తన పుస్తకాల అలమారకూ దూరమై, దేశాల మధ్య కేసు నడిచినన్నాళ్ళూ వేలాడుతుంది. ఇలాంటి పిల్లల కోసం 1980లో చేసిన హేగ్ ఒప్పందంలో మన దేశం నేటికీ చేరలేదు. ఉమ్మడి కస్టడీ, తల్లిదండ్రులిద్దరి బాధ్యత మీద లా కమిషన్ 2015లో 257వ నివేదిక ఇచ్చింది. అదీ చట్టం కాలేదు. ఇంగ్లండులో 1989 చిల్డ్రన్ యాక్టు బిడ్డ మేలు తేల్చడానికి ఒక పట్టిక ఇచ్చి, అందులో మొట్టమొదట బిడ్డ ఇష్టాన్నీ మనసునూ రాసింది. మనం 1890 నుంచి జరగం.

కొట్టే మొగుడి నుంచి బిడ్డను ఎత్తుకుని కట్టుబట్టలతో పారిపోయి వచ్చిన తల్లి దగ్గరకెళ్ళి నువ్వు పుస్తకాలు తెచ్చావా అని అడుగుతారా అని ఒక స్నేహితురాలు నన్ను నిలదీసింది. అడగను. ఆ తల్లికి ముందు రక్షణ కావాలి. 2005 గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు బిడ్డను తాత్కాలికంగా ఆమెకు అప్పగించవచ్చు, బిడ్డకు హాని ఉందనిపిస్తే తండ్రి చూడటానికి కూడా ఒప్పుకోకూడదు. ఇద్దరితోనూ బంధం అన్న మాట దెబ్బలు తిన్న ఇంటికి వర్తించదు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ రక్షణ దొరికిన మర్నాడు ఆ బిడ్డకు ఏం కావాలి? తెల్లారితే వెళ్ళే బడి, చేతిలో ఒక పుస్తకం, రాత్రి పక్కన కూర్చుని చదివి వినిపించే మనిషి. కడుపు నిండని చోట పుస్తకాలేమిటి అంటారు. కడుపు నిండని చోటే వాటి అవసరం ఎక్కువ, అక్కడ బిడ్డకు ఇంకేదీ లేదు గనక.

బిడ్డను చూడటానికి వచ్చే తల్లికో తండ్రికో ఒక్క మాట. బిడ్డకు ఇద్దరి ప్రేమా అవసరమని, ముఖాముఖి కుదరకపోతే వీడియో కాల్లోనైనా మాట్లాడించాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మంచి మాట. ఆ గంట మీరేం చేస్తున్నారు? కోర్టు ఆవరణలో చెట్టు కింద నిలబడి, బిడ్డ చేతిలో కొత్త ఫోను పెడుతున్నారు. అవతలివాళ్ళు అంతకంటే పెద్దది కొంటారు. ఫోను ఇచ్చాక బిడ్డ మీ వైపు చూడదు, ఫోను వైపు చూస్తుంది. పుస్తకం కొనిస్తే ఊరికే ఇచ్చి వెళ్ళలేరు. పక్కన కూర్చోవాలి, చదవాలి, మధ్యలో బిడ్డ అడిగినదానికి జవాబు చెప్పాలి, తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి మళ్ళీ వారం రావాలి. రాజు ఎందుకలా చేశాడు నాన్నా అని అడిగిన బిడ్డ, పది వారాల తర్వాత మీరెందుకలా చేశారు నాన్నా అని కూడా అడుగుతుంది. ఆ ప్రశ్నకు తయారుగా ఉండండి.

ఆ గంట గడపడానికి పోలీస్ స్టేషను, కోర్టు వరండా, బస్టాండు పక్క హోటలు తప్ప ఇంకో చోటు లేదా? ఉంది. ప్రతి పట్టణంలో, చాలా మండల కేంద్రాల్లో శాఖా గ్రంథాలయం ఉంది. ఎవరి పుట్టిల్లూ కాదు, ఎవరి అత్తిల్లూ కాదు. పిల్లల్ని చూసుకునే ఏర్పాటు అక్కడ చేయమని కోర్టులు ఉత్తర్వుల్లో రాయొచ్చు, న్యాయసేవాధికార సంస్థ ఒప్పించొచ్చు. ఉత్తర్వులో ఆదివారం పది గంటలకు అని రాసే చేయి, బిడ్డ బడి ఏడాది మధ్యలో మార్చకూడదని, పుస్తకాలూ కాగితాలూ బిడ్డ వెంటే ఉండాలని ఇంకో రెండు వాక్యాలు రాయలేదా?

గ్రంథాలయం మాటెత్తినప్పుడు జనం అడిగే ప్రశ్న ఒకటే. అక్కడ పిల్లలకు ఏముంది? పాత దినపత్రికలు, పోటీ పరీక్షల గైడ్లు, తాళం వేసిన అలమార. నిజమే. మన పెద్దలు ఈ గతి కోసం కట్టలేదు వాటిని. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగాడు. మనకు దగ్గర్లోనే వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో పుట్టి నేటికీ నిలబడింది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలని, అందులో కథల పుస్తకాలు కూడా ఉండాలని పేరు పెట్టి మరీ రాసింది. 1960 గ్రంథాలయాల చట్టం కింద మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలు చేస్తున్నారు. ఆ డబ్బు స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు చేసుకుని జమ చేయకుండా వేరే ఖర్చులకు వాడుకోవడం ఏళ్ళ తరబడి నడుస్తున్న అలవాటు. ఆ 8 పైసలు కోర్టు వరండాలో చేతిలోని పుస్తకం పోగొట్టుకున్న ఆ పాపవి. ఆమె బొమ్మల పుస్తకాల అలమారవి, కూర్చునే కుర్చీవి, కథ చదివి వినిపించే లైబ్రేరియన్ జీతానివి.

అందుకని నరసరావుపేట, మాచర్ల, గురజాల, పిడుగురాళ్ళ, వినుకొండ, సత్తెనపల్లి, చిలకలూరిపేట మున్సిపల్ కమిషనర్లందరినీ, ప్రతి పంచాయతీ కార్యదర్శినీ అడుగుతున్నాను. గత అయిదేళ్ళలో గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు, బాకీ ఎంత? ఆఫీసు గోడ మీద, పన్ను కట్టే కౌంటరు పక్కన, అందరికీ కనిపించేంత అక్షరాల్లో రాయించండి. రాయించకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెడతాను. నాతో పాటు ఇంటిపన్ను రసీదు ఉన్న ప్రతి ఒక్కరూ పెట్టండి. మహా అయితే పది రూపాయల ఫీజు, తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు.